ఎండలు మండే చోట ఇంటికి ఏ గచ్చు మేలు? మొజాయిక్, టైల్స్, మార్బుల్, ఎపాక్సీ

టెరాజో అని ఇప్పుడు కొత్త పేరుతో పిలుస్తున్నారు గానీ మనలో చాలామంది చిన్నప్పుడు పాకి, ఆడి, మధ్యాహ్నాలు దిండు కూడా లేకుండా పడుకున్న మొజాయిక్ గచ్చే అది. రాతి చిప్స్ సిమెంట్‌లో కలిపి పోసి, గట్టిపడ్డాక మిషన్‌తో అరగదీసి పాలిష్ పట్టేది. రంగురంగుల చిన్న ముక్కలు బొమ్మలా పేర్చే మొజాయిక్ వేరే పని, అయినా జనం నోట్లో దీనికీ అదే పేరు స్థిరపడిపోయింది కాబట్టి నేనూ అలాగే రాస్తా. ఇప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్ళు అడిగేది ఒక్కటే, ఎండలు ఎక్కువున్న చోట ఇది వేయించుకుంటే నిజంగా మేలా, లేక టైల్సో మార్బులో వేసేసి ఊరుకోవటం మేలా అని. నేను మా ఇంటికి వేయించిన మనిషిని, అందులో దెబ్బ కూడా తిన్నా, అందుకే కాస్త వివరంగా చెప్తా.

ముందు చల్లదనం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అందరూ దాని కోసమే వస్తారు. గచ్చు కాలికి చల్లగా తగలటం వేరు, ఇల్లు చల్లగా ఉండటం వేరు, ఈ రెండిటినీ కలిపేసుకునే చాలామంది తర్వాత బాధపడతారు. ఒకే గదిలో చెక్క ఫ్లోరింగు, మొజాయిక్ పక్కపక్కన ఉన్నాయనుకోండి, రెండూ 28 డిగ్రీల దగ్గరే ఉంటాయి, కానీ కాలు పెడితే మొజాయిక్ చల్లగా ఉంటుంది, చెక్క ఉండదు. మన పాదం అంతకంటే వేడిగా ఉంటుంది కదా, రాయి ఆ వేడిని గబగబా లాగేసుకుంటుంది, చెక్క లాగలేదు. ఉష్ణవాహకత (సరుకు వేడిని ఎంత బాగా పోనిస్తుందనే కొలత, వాట్/మీటర్-కెల్విన్‌లో) లెక్కల్లో చూస్తే చెక్క, వినైల్ రెండూ 0.2 అటూఇటూ, సిమెంట్ మొజాయిక్ 1.5 పైన, మార్బుల్ 2 నుంచి 3, గ్రానైట్ దాదాపు 3. అంటే చల్లదనం ఒక్కటే కావాలంటే మార్బులూ గ్రానైటూ మొజాయిక్ కంటే ఒక మెట్టు పైనే ఉన్నాయి, విట్రిఫైడ్ టైలు (బాగా కాల్చి గాజులా గట్టిపరిచింది) కూడా పెద్దగా వెనకబడదు. మొజాయిక్ వేస్తే ఇల్లంతా ఏసీ వేసినట్టుంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇంకో ముఖ్యమైన విషయం, గచ్చే వేడెక్కితే ఇదంతా తలకిందులవుతుంది. పడమటి కిటికీలోంచి మూడు గంటలపాటు ఎండ నేరుగా పడిందనుకోండి, లేకపోతే పై అంతస్తులో రాత్రిపూట కూడా కిటికీలు మూసేసి ఉంచారనుకోండి, గచ్చు 36, 38కి పోతుంది, అప్పుడు ఇందాక వేడిని లాగేసుకున్న ఆ రాయే ఇప్పుడు అంతే వేగంగా కాలికి వేడిని తిరిగిస్తుంది. కింది అంతస్తు అయితే అదృష్టం, నేల కింద కొన్ని మీటర్ల లోతులో మట్టి ఏడాది సగటు ఉష్ణోగ్రతకి దగ్గరగా నిలకడగా ఉంటుంది కాబట్టి గచ్చు అడుగునుంచి ఎంతో కొంత చల్లదనం అందుతూ ఉంటుంది. పై అంతస్తుకి ఆ ఆసరా లేదు. అక్కడ మెటీరియల్ కంటే రంగు, కిటికీ మీద నీడ, రాత్రి గాలి ఈ మూడే పని చేస్తాయి. రంగు విషయంలో మాత్రం మొజాయిక్‌ది పైచేయి అంటాను, తెల్ల సిమెంట్ వేసుకుని లేత చిప్స్ కలిపించుకుంటే ఎండ చాలావరకు తిరిగి పోతుంది, చిప్స్ మచ్చలుండటం వల్ల దుమ్మూ మరకలూ కంటికి కనపడవు. అదే తెల్ల మార్బుల్ అయితే వెంట్రుక పడినా కనిపిస్తుంది. నల్ల గ్రానైట్ ఎండ పడే వరండాలో వేసినవాళ్ళని అడగండి, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాటలేరు.

సరే, మొజాయిక్ అనుకున్నాక అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి, ఎందుకంటే అది ఒకటి కాదు మూడు రకాలు. అక్కడికక్కడే సిమెంట్‌తో పోసేది, ఫ్యాక్టరీలో తయారై వచ్చే మొజాయిక్ టైలు, సిమెంట్ బదులు ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసేది.

అక్కడికక్కడే పోసేది అందంలో రారాజు. అడుగున కాంక్రీటు పొర, పైన చిప్స్ ఉన్న పొర 6 నుంచి 12 మిల్లీమీటర్లు (చిప్ సైజు పెద్దదైతే మందం పెరగాలి), మొత్తం 40 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. గోడ నుంచి గోడకి ఒకటే పరుపు పరిచినట్టు ఉంటుంది, టైల్సులా అడుగడుక్కీ గ్రౌటు (సందుల్లో నింపే ముద్ద) గీతలుండవు, మధ్యలో కనిపించేవి ఇత్తడి, గాజు లేదా ప్లాస్టిక్ పట్టీలు మాత్రమే. ఆ పట్టీలు డిజైన్ కోసమే అనుకుంటారు గానీ అంతే కాదు, సిమెంట్ ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, ఆ లాగుడుకి గచ్చు ఎక్కడ పడితే అక్కడ చీలకుండా ముక్కలుగా విడగొట్టటానికి వేస్తారు. ఒక్కో గడి 2 చదరపు మీటర్లు దాటకపోతే మంచిది. వెనిస్‌లో కొన్ని వందల ఏళ్ళ కిందట పాలరాతి పనివాళ్ళు మిగిలిన తుక్కు ముక్కలతో మొదలుపెట్టి, చేత్తో రుద్ది, మేకపాలు పూసి మెరుగు తెప్పించేవారట, లోహపు పట్టీలూ కరెంటు గ్రైండర్లూ 1920ల్లో వచ్చాకే ఇది పెద్ద ఎత్తున ఇళ్ళలోకీ ఆఫీసుల్లోకీ వచ్చింది.

కానీ వేడి ప్రాంతంలో ఈ పోత పనికి అసలు శత్రువు ఎండే. మా ఇంట్లో జరిగింది చెప్తా. హాలు పొద్దున ఏడింటికి పోశారు, బ్రహ్మాండంగా వచ్చింది. పడకగది మాత్రం మిట్టమధ్యాహ్నం, కిటికీలకి ఇంకా తలుపులు కూడా లేవు, వేడిగాలి నేరుగా కొడుతుంటే పోశారు, గోనెపట్టాలు తడిపి కప్పమని నేను చెప్పినా సాయంత్రానికి చూద్దాంలే అన్నారు. సాయంత్రానికే సాలెగూడులా సన్నని పగుళ్ళు వచ్చేశాయి. సిమెంట్ గట్టిపడటానికి నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు ఎండకి ఎగిరిపోతే పైపొర బలహీనపడి చీలుతుంది, అంతే. పాలిష్ పట్టాక దూరానికి కనపడవు గానీ నాకు మాత్రం ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా కళ్ళు అక్కడికే పోతాయి. అందుకే చెప్తున్నా, తెల్లవారుజామున పోయించండి, తలుపులకీ కిటికీలకీ ఏదో ఒకటి అడ్డు కట్టండి, కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకండి, ఇవి కుదరవంటే ఈ రకం మానుకోండి. గ్రైండింగ్ కూడా చిన్న పని కాదు, గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా మూడు నాలుగు విడతలు, మధ్యలో అదే రంగు సిమెంట్ పాలు పట్టించి చిన్న చిన్న చిల్లులు పూడ్చాలి, మళ్ళీ ఆరబెట్టి మళ్ళీ అరగదీయాలి. ఇల్లంతా బూడిదరంగు బురద. మనుషులు కాపురముంటున్న ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దని చేతులెత్తి చెప్తున్నా.

మొజాయిక్ టైల్ దీనికి మధ్యేమార్గం. ఫ్యాక్టరీలో వత్తిడితో తయారై, క్యూరింగ్ (తడి ఆరనివ్వకుండా గట్టిపరచటం) అక్కడే అయిపోయి వస్తుంది కాబట్టి మీ ఊరి ఎండతో దానికి పేచీ లేదు. పరిచాక ఒకసారి అంతా కలిపి గ్రైండ్ చేయిస్తే ఎత్తుపల్లాలు పోయి దాదాపు పోసినట్టే ఉంటుంది, కీళ్ళు కనిపిస్తాయి అంతే. ఒకటి పాడైతే ఒకటే మార్చుకోవచ్చు. మంచి మేస్త్రీ దొరకని చోట నేను కళ్ళు మూసుకుని దీనికే ఓటేస్తా, ఎందుకంటే పోత పని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు, సగం తెలిసినవాళ్ళ చేతిలో పెట్టటం కంటే ఇదే నయం.

ఎపాక్సీ రకం చూడటానికి అందరికీ నచ్చుతుంది. 6 నుంచి 10 మిల్లీమీటర్లే మందం, రంగులు ఎన్నైనా, చీలే భయం తక్కువ, నీళ్ళు పీల్చదు. పాత స్లాబు మీద బరువు పెంచకూడదనుకున్న ఇంట్లో ఇది నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే 40 మిల్లీమీటర్ల సిమెంట్ పోత చదరపు మీటరుకి 95 కేజీల దాకా ఉంటుంది, ఇది అందులో నాలుగోవంతు ఉండొచ్చు. అయితే ఎండ తగిలితే ఎపాక్సీ పసుపు తిరుగుతుంది, లేత రంగు వేసినవాళ్ళకి ఇది ఇంకా త్వరగా కనపడుతుంది, కార్పెట్ తీసి చూస్తే కింద ఒక రంగు పక్కన ఒక రంగు. ఆరుబయటకైతే అసలు వద్దు. కింది అంతస్తులో నేల నుంచి తేమ పైకి వచ్చే ఇళ్ళలో కూడా జాగ్రత్త, ఆ ఆవిరి పోయే దారి లేక పొర బుడగలు కట్టి లేచిపోతుంది, స్లాబులో తేమ ఎంతుందో కొలిపించకుండా వేయించకండి. ఎండ బాగా పడే ఇంటికి నేను దీన్ని చెప్పను.

ఇక విట్రిఫైడ్ టైల్స్‌తో పోలిస్తే. నిజాయితీగా చెప్పాలంటే రోజువారీ సుఖం టైల్‌దే, నీళ్ళు పీల్చటం 0.5 శాతం లోపే, పులుపు పడినా ఏం కాదు, వారంలో పని అయిపోతుంది. మొజాయిక్‌లో సిమెంటూ పాలరాతి చిప్సూ రెండూ ఆమ్లానికి లొంగిపోతాయి, నిమ్మరసమో వెనిగరో ఒలికి రాత్రంతా ఉంటే మెరుపు పోయి మచ్చ పడుతుంది, బాత్రూం కడిగే యాసిడ్ చుక్క పడ్డా అంతే. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత చూడండి. టైల్ మీద డిజైన్ చాలామటుకు పైన అచ్చేసిన పలచటి పొరే, అది గీసుకుపోతే, అంచు చిట్లితే చేసేదేం లేదు, అదే టైల్ అప్పటికి మార్కెట్లో ఉండదు. మొజాయిక్‌లో పైపొర అంతా ఒకటే సరుకు, ఒక మిల్లీమీటరు లోపే అరగదీస్తే కొత్తదై కూర్చుంటుంది, ఒక తరం వేయించింది తర్వాతి తరం పాలిష్ పట్టించుకుని వాడుకోవచ్చు. నాకు దీని మీద ఉన్న ప్రేమంతా ఇక్కడే.

వేడి చోట్ల టైల్స్‌కి ఇంకో జబ్బుంది, ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో రెండు టైల్స్ గుడారంలా పైకి లేస్తాయి. 5 మీటర్ల గచ్చు 20 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు పైనే సాగుతుంది, సందు లేకుండా గోడకి బిగించి పరిస్తే అది పోవటానికి చోటేది? గోడ దగ్గర స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కింద కొంచెం ఖాళీ వదలమనండి, ఎండ నేరుగా పడే గదుల్లో 8 నుంచి 12 అడుగులకొకటి మెత్తటి జాయింటు (సాగే పదార్థం నింపిన సందు) పెట్టమనండి. టైల్ వేసినా మొజాయిక్ టైల్ వేసినా ఇది వర్తిస్తుంది.

మార్బుల్ గురించి ఎక్కువ చెప్పను, చల్లగా ఉంటుంది, మళ్ళీ పాలిష్ పట్టొచ్చు, కానీ మెత్తటి రాయి, ఆమ్లానికి మొజాయిక్ లాగే సుకుమారం. గ్రానైట్ చాలా గట్టిది, వంటగదికి అది బాగుంటుంది, లేత రంగు దొరికితేనే తీసుకోండి. చెక్క, వినైల్ ఎండ ప్రాంతాల్లో కాలికి హాయినివ్వవు, వాటి జోలికి పోలేదు.

సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువున్న చోట ఉండేవాళ్ళు ఒకటి గమనించాలి, చల్లటి గచ్చు మీద ఉక్కగాలి తగిలితే చెమట పట్టినట్టు నీళ్ళు తేలతాయి, అద్దంలా పాలిష్ పట్టించిన ఏ గచ్చయినా అప్పుడు జారుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో అద్దం మెరుపు వద్దు, మెరుపు తక్కువగా ఉన్నప్పుడే పాలిష్ ఆపేయమని చెప్పండి, బాత్రూంలో మొజాయిక్ వేయాలనుకుంటే తప్పకుండా అలాగే. సిమెంట్ రకానికి సీలర్ (నీళ్ళూ మరకలూ ఇంకకుండా పట్టించేది) పట్టించేటప్పుడు తేమ బయటికి పోనిచ్చే రకం అడగండి, పైన ప్లాస్టిక్ పూతలా నిలిచేది కాదు.

నన్ను ఇప్పుడు అడిగితే కొత్తగా కడుతున్న ఇంటి కింది అంతస్తుకి, పనితనం చూపించిన మేస్త్రీ దొరికితే, లేత రంగు సిమెంట్ పోత. దొరక్కపోతే మొజాయిక్ టైల్. పై అంతస్తుకి, పాత ఇంటికి మొజాయిక్ టైలో లేత విట్రిఫైడో. వంటగదిలో మాత్రం నేను మొజాయిక్ పెట్టుకోలేదు, పెట్టుకోనందుకు బాధా లేదు.

ఆర్డర్ ఇచ్చేముందు అడుగు బై అడుగు శాంపిల్ ముక్క చేయించుకుని, మీ ఇంట్లో ఎండ పడే చోటే రెండు గంటలు పెట్టి, మూడింటికి చెప్పుల్లేకుండా దాని మీద నిలబడి చూడండి, తర్వాత నీళ్ళు పోసి మళ్ళీ నిలబడండి.