రంగు వేయలేదని ఓడిపోయాను

లెస్టర్‌లో మా బావ వాళ్ల డైనింగ్ టేబుల్ మీద ప్లైవుడ్ చెక్క పరుచుకుని వార్‌హామర్ 40,000 ఆడుతుంటాం, అంటే చిన్న చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట. బొమ్మలకి వంక పెట్టడానికి లేదు, ఆ పనితనానికి దండం పెట్టాలి. నా గొడవంతా పదో ఎడిషన్ వచ్చిన 2023లోనే దిగిన లెవయథన్ మిషన్ కార్డుల కట్టతో. ఎవరు గెలిచారో తేల్చేది ఆ కట్టే.

వందకి మార్కులు. బల్ల మీద ఇద్దరూ పోటీపడే చోట్లకి పెట్టిన గుర్తుల్ని పట్టుకున్నందుకు, అంటే ప్రైమరీకి, 50. కార్డుల్లో వచ్చే చిల్లర పనులు, అంటే సెకండరీలకి, 40. ఇక సైన్యం మొత్తానికి రంగులు వేసి ఉంటే 10. అవును, రంగులకే. లెక్కల పరీక్షలో దస్తూరికి మార్కులు వేసినట్టు.

మొన్న డిసెంబరు ఆట చెప్తాను. మిషన్ పేరు టేక్ అండ్ హోల్డ్. రెండో రౌండు నుంచి మన వంతు వచ్చినప్పుడల్లా మన చేతిలో ఉన్న ఒక్కో గుర్తుకి 5 పాయింట్లు, ఒక వంతుకి 15 దాటవు. నాలుగు వంతులూ 15 చొప్పున కొడితే 60 రావాలి కదా? రావు, 50 దగ్గర గేటు వేసేస్తారు. అది సరే, నాకు అంత అదృష్టం ఎప్పుడూ పట్టలేదు.

మూడో రౌండులో మధ్య గుర్తు దగ్గర నా టెర్మినేటర్లు ఐదుగురు నిలబడ్డారు. నిలువెత్తు కవచాలు, ఒక్కొక్కడూ నడిచే బీరువాలా ఉంటాడు. ఎదురుగా బావ సైన్యం, టైరనిడ్లనే పురుగుల జాతి. వాటిలో అట్టడుగు పురుగులు, టెర్మగాంట్లు, పది. గుర్తుకి మూడంగుళాల లోపల ఉన్న బొమ్మలే లెక్కలోకి వస్తాయి. టేపు బయటికి తీశాం. బావ ఒక చివర పట్టుకుంటే నేను రెండో చివర పట్టుకున్నాను, మధ్యలో అది వంగిపోతోంది. ఆఖరి పురుగు కాలి కింది గుండ్రం లోపలుందా బయటుందా అని ఇద్దరం బల్లకి చెంప ఆనించి మరీ చూశాం. అదంతా దండగే. ఎందుకంటే ఎవరి లెక్క ఎక్కువైతే గుర్తు వాళ్లది; టెర్మినేటర్‌కి తలకి 1 చొప్పున లెక్క, టెర్మగాంట్‌కి 2. నావి 5, వాడివి 20. పురుగుల్ని చంపడానికి నాకు ఇంకో వంతు కావాలి, పాయింట్లు మాత్రం అప్పటికే లెక్కకట్టేశారు. గుర్తు పోయింది, 5 పాయింట్లు పోయాయి.

ఈ లెక్కలో అసలు న్యాయం లేదని అనను. గుంపు సైన్యాలకి ఆ మాత్రం ఆసరా లేకపోతే అవి కొని ఆడేవాడు ఉండడు. కానీ పురుగులు కవచాలవాళ్ల ఎదుట నిలబడి ఊపిరి పీల్చుకున్నందుకే పాయింట్లు వస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సెకండరీలు పేకాట లాంటివి. ఆట మొదట్లోనే రెండు ఖాయం చేసుకుని చివరిదాకా వాటితోనే ఆడొచ్చు, లేదా వంతుకి చేతిలో రెండు ఉండేలా కార్డులు తీసుకోవచ్చు. నేను తీసుకునే రకం. నాలుగో రౌండులో నాకు శత్రువు పెరట్లోకి దూరే కార్డు వచ్చింది. నా దగ్గర మిగిలిందేమో కుంటినడకవాళ్లు. కార్డు మార్చుకోవడానికి ఖర్చుపెట్టే కమాండ్ పాయింటు అంతకుముందే వాడేశాను. అదే రౌండులో బావకి సొంతింటి గుర్తుని కాపాడుకోమని వచ్చింది. అతను దాని మీదే కూర్చుని టీ తాగుతున్నాడు!

చివరికి నాకు ప్రైమరీ 40, సెకండరీ 27, మొత్తం 67. బావకి 30, 29, మొత్తం 59. నేను లేచి చేతులు పైకెత్తాను.

“కూర్చో బామ్మర్దీ, ఇంకో పది ఉంది,” అన్నాడు బావ.

నా సైన్యం ఇంకా బూడిదరంగు ప్లాస్టిక్. వాడిది నిగనిగలాడుతోంది. 69కి 67.

“ఏంటి బావా, రంగు లేకపోతే తుపాకి పేలదా?”

“రూల్ అంటే రూలే.”

పోనీ, ఆ రంగులు బావ వేశాడా అంటే అదీ లేదు. చలికాలమంతా రాత్రిళ్లు కూర్చుని మా అక్క వేసింది. ఆ పది మార్కులూ అక్కవి.

ఆ కసితో ఇంటికెళ్లి గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్ అనే ఇంకో ఆట రూల్స్ దింపుకున్నాను. ఫ్రీగా దొరుకుతాయి, అవే బొమ్మలతో ఆడుకోవచ్చు. నాలుగు రౌండ్లు, ఆఖర్న ఎవరి చేతిలో ఎక్కువ గుర్తులుంటే వాళ్లే విజేత. కాగితం, కలం అక్కర్లేదు. రెండు ఆటలాడాక దాని జబ్బూ తెలిసింది: మూడు రౌండ్లు ఎవరెవరిని కొట్టుకున్నా, ఆఖరి రౌండులో అందరూ బస్సు దొరకనట్టు గుర్తుల మీదికి ఉరుకుతారు. ఆ ఒక్క విషయంలో లెవయథన్ మేలు. మొదటి నుంచీ మనిషిని ముందుకి తోస్తుంది, మూల దాక్కుని కాల్చేవాడికి బువ్వ పెట్టదు.

కాబట్టి ఐదుకి మూడు ఇస్తున్నాను. ఆ రంగుల 10 తీసేస్తే నాలుగు. 2024లో వచ్చిన తర్వాతి కట్టలోనూ అది అలాగే ఉంది.

నిన్న అక్కకి ఫోన్ చేసి నా బొమ్మలకి కూడా రంగులు వేసిపెట్టవా అని అడిగాను. “మీ బావ ఊరుకోడురా,” అంది.