మామ్ టోర్‌కి ‘ఎంట్రీ టికెట్’ అమ్ముతున్నారు, కొనకండి

మాంచెస్టర్, షెఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లు ఒకసారి ఇది చదవండి. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్‌లోని మామ్ టోర్ కొండకి డే టూర్ అమ్మే ఒకళ్లు బస్సు చార్జీ కాక, ‘రక్షిత శిఖరం ప్రవేశ రుసుము’ అని మనిషికి 12 పౌండ్లు విడిగా లాగుతున్నారు. అసలు అలాంటి రుసుమే లేదు. ఆ కొండ నేషనల్ ట్రస్ట్ అనే చారిటీ సంస్థది, నడిచి ఎక్కేవాళ్ల దగ్గర పైసా తీసుకోరు. డబ్బు కట్టాల్సింది కారు పార్కింగ్‌కే, అదీ ట్రస్ట్ సభ్యులకి ఉచితం.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారని మేం బుక్ చేశాం. క్యూఆర్ కోడ్‌తో టికెట్లు కూడా పంపారు, చూడ్డానికి దర్జాగానే ఉన్నాయి. తీరా అక్కడ ఉన్నది ఒక చెక్క గేటు, అవతల గొర్రెలు. నాన్న ఫోన్లో టికెట్ తెరిచి పట్టుకుని, ‘ఎవరికి చూపించాలిరా?’ అని చుట్టూ చూస్తున్నారు.

టికెట్ సంగతి పోనీ అనుకున్నా, అమ్మ మోకాళ్ల విషయంలో మాత్రం ఒళ్లు మండింది. ‘శిఖరం దగ్గరే దింపుతాం’ అని చెప్పి, బస్సుని కింద కాజిల్టన్ ఊళ్లో ఆపేశారు. పైన మామ్ నిక్ పార్కింగ్ నుంచైతే రాళ్లు పరిచిన బాట, కాసేపట్లో శిఖరం వచ్చేస్తుంది. కింద నుంచి అలా కాదు, ఎక్కడం చాలా ఎక్కువ. మమ్మల్ని నడిపించింది పాత రోడ్డు మీదుగా. కొండ జారుతూనే ఉండటంతో 1979లో వాహనాలకి పూర్తిగా మూసేసిన రోడ్డది. తారు పెచ్చులుగా విరిగి, ఒక ముక్క పైకి, ఒకటి కిందకి కుంగి ఉంది. అమ్మ సగంలోనే కూర్చుండిపోయింది.

డ్రోన్ వీడియో అని కూడా ఊరించారు. ట్రస్ట్ భూముల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు, కాబట్టి అదీ లేదు.

కొండకి మాత్రం వంక పెట్టలేం. ఎత్తు 517 మీటర్లే అయినా పైన ప్రాచీన కోట గట్లు, అటు ఈడేల్ లోయ, ఇటు హోప్ లోయ. సొంతంగా వెళ్లాలంటే హోప్ వ్యాలీ లైన్ రైల్లో హోప్‌లోనో, ఈడేల్‌లోనో దిగండి, రెండు చోట్ల నుంచీ నడక దారులున్నాయి. పెద్దవాళ్లుంటే కారులో మామ్ నిక్‌కే వెళ్లండి.

రిఫండ్ అడిగితే ‘అది ప్రకృతి సంరక్షణ చార్జీ, వెనక్కి రాదు’ అన్నారు. కార్డుతో కట్టాం కాబట్టి ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో చార్జ్‌బ్యాక్ పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. ఇదే టికెట్ కొన్నవాళ్లుంటే రసీదు, ప్యాకేజీ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకుని మీ బ్యాంకుకి కూడా రాయండి.