ఏటికి మళ్లీ వంపులు: పొక్లెయినా, గుంజలా?

పశువుల మేతకూ ఇళ్లకూ బలైన ఏటిని బాగుచేయడానికి అమెరికాలో రెండు దారులు కనిపిస్తాయి. పొక్లెయిన్లతో పాత వంపులు తెరవడం ఒకటి. ఏట్లో గుంజలు పాతి, కొమ్మలు అల్లి, బీవర్లు అనే జంతువులు కట్టే అడ్డుకట్టల్లాంటివి కట్టడం రెండోది.

ఖర్చు: ఫ్లోరిడాలోని కిస్సిమీ నదిని 1962–71 మధ్య తిన్నని కాలువ చేసేశారు. అందులో దాదాపు 35 కిలోమీటర్లు పూడ్చి నదిని పాతదారి పట్టించే పని 2021లో ముగిసింది. భూముల కొనుగోలుతో కలిపి దాదాపు వంద కోట్ల డాలర్లు! ఒరెగాన్‌లోని బ్రిడ్జ్ క్రీక్‌లో 2009 నుంచి పాతినవి కర్ర గుంజలే. స్టీల్‌హెడ్ చేపలు పెరిగాయి.

శ్రమ: పొక్లెయిన్ పని చాలావరకు ఒక్కసారిదే. గుంజల్ని మాత్రం ఏటా చూసుకోవాలి, బీవర్లు వచ్చి అందుకునేదాకా. జీతం అడగని మేస్త్రీలు అవి.

రిస్కు: గుంజలు వరదకు కొట్టుకుపోతే మళ్లీ పాతొచ్చు. తప్పుగా తవ్విన వంపును సరిచేయడం అంత తేలిక కాదు. అయితే గుంజల వెనక నీళ్లు పొర్లుతాయి, పక్కన ఇళ్లుంటే గొడవే.

ఏ దారి పట్టినా ముందు పశువులకు కంచె వేయాలి. లేదంటే ఒడ్డున విల్లో చెట్ల మొలకలు మిగలవు.

నది పూర్తిగా కాలువైపోయి, దగ్గర్లో ఊళ్లుంటే పొక్లెయినే. పొర్లడానికి చోటున్న చిన్న ఏరైతే నా ఓటు గుంజలకే.