సింగపూర్: ఉక్కపోతలో తొలి నాలుగు రోజులు

సింగపూర్ భూమధ్యరేఖకు ఉత్తరాన 140 కిలోమీటర్ల లోపే ఉన్నదని తెలిసే వెళ్ళాను గాని, ఆ మాటకు అర్థం చాంగీ విమానాశ్రయం తలుపు దాటిన తరువాతే ఒంటికి తెలిసింది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలే. పల్నాడు ఎండల్లో పెరిగిన నాకు అది లెక్కలోనిది కాదనుకున్నాను. అయితే మా ఊరి వడగాలికి చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. ఇక్కడ పట్టిన చెమట ఆరదు, రాత్రి పది దాటినా ఉక్క తగ్గదు. మెట్రో చల్లదనంలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ కళ్ళద్దాలపై ఆవిరి కమ్ముకొని, తుడుచుకొనే దాకా దారి కనబడేది కాదు.

లిటిల్ ఇండియాలో చవకగా దొరికిన గదికి కిటికీ లేదు. రాత్రి ఆరవేసిన తువ్వాలు తెల్లవారినా తడిగానే ఉండేది. ఈ నగరంలో తక్కువ అద్దె గదులు చాలావరకు ఇంతేనట. నాలుగు డబ్బులు ఎక్కువైనా కిటికీ ఉన్నదో లేదో అడిగి తీసుకోవడం మంచిది. భోజనానికి మాత్రం ఇబ్బంది లేదు. దగ్గరలోని టెక్కా సెంటర్‌లో దోసె, టీ దొరుకుతాయి. అక్కడ ఉన్నవి ఫ్యాన్లే కనుక మధ్యాహ్నం కంటే ఉదయం వెళితే హాయిగా తినవచ్చు.

ఏడాది పొడవునా సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలోనే. ఆ వేళకు 1859లో నెలకొల్పిన బొటానిక్ గార్డెన్స్‌కు చేరుకుంటే రెండు గంటలు సుఖంగా నడవవచ్చు. ఆర్కిడ్ తోటకు తప్ప ప్రవేశ రుసుము లేదు. గార్డెన్స్ బై ద బేలోని క్లౌడ్ ఫారెస్ట్‌కు టికెట్ ధర ఎక్కువే అయినా, ఆ చల్లని అద్దాల మందిరంలో జలపాతం తుంపర ముఖాన పడినప్పుడు ఆ ఖర్చు నాకు భారమనిపించలేదు. దానిని మిట్టమధ్యాహ్నానికి అట్టిపెట్టుకోవాలి.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నవి పాత దుకాణాల ముందున్న వసారాలు. ఇళ్ళ ముందు కప్పుతో కూడిన నడవా వదలాలని 1822 నాటి నగర నిర్మాణ ప్రణాళికలోనే నియమం పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం ఉరుములతో కుండపోత మొదలైనప్పుడు సెరంగూన్ రోడ్డులో పూలదండలు కట్టే కొట్టు ముందు నిలబడ్డాను. అడుగు దూరంలో వాన గోడ కట్టినట్టు కురుస్తున్నా, వసారా వెంట జనం గొడుగు విప్పకుండానే తమ దారిన సాగిపోతున్నారు.