అతిథుల పిల్లలు మన ఇంట్లో వస్తువు పగలగొడితే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి: ఏది మేలు?

విజయవాడలో కాపురం ఉండేవారికి దసరా రోజుల్లో ఇల్లు బంధువులతో నిండిపోవడం కొత్త కాదు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారం చూడడానికి పిల్లాపాపలతో వచ్చినవారు మన ఇల్లుండగా లాడ్జిలో దిగితే మనకే చిన్నతనంగా ఉంటుంది. మూడేళ్ల కిందట అలా వచ్చిన మా బాబాయిగారి అబ్బాయి కొడుకు, ఆరేళ్లవాడు, హాల్లో ప్లాస్టిక్ బ్యాటు తిప్పుతుండగా అది చేయి జారి వెళ్లి మా 43 అంగుళాల టీవీకి తగిలింది. తెర మీద ఒక మూల సాలెగూడులా పగుళ్లు పాకి, వాటి పక్క నుంచి ఊదారంగు గీతలు నిలువునా దిగాయి. మా తమ్ముడి ముఖం పాలిపోయింది. "అన్నయ్యా, ఎంతయితే అంత నేనిచ్చేస్తాను" అన్నాడు. "పోనీలేరా, చిన్నపిల్లవాడు, తెలిసి చేశాడా" అని నేను వెంటనే అనేశాను.

ఆ మాట నోటితో అన్నానే తప్ప మనసుతో అనలేదు. తరువాత ఏడాదంతా మా ఇంటికి ఎవరు వచ్చినా పగిలిన టీవీ కథ వినే వెళ్లారు. ఆ కథ చేరవలసిన చోటికి చేరింది కాబోలు, మరుసటి దసరాకు మా తమ్ముడు కుటుంబంతో వచ్చి గవర్నర్‌పేటలో గది తీసుకుని దర్శనం చేసుకుని వెళ్లిపోయాడు. టీవీ పోయినందుకు పడిన బాధ కంటే ఇది నన్ను ఎక్కువ బాధించింది. అప్పటి నుంచి, ఇటువంటి సందర్భంలో ఖర్చు ఎవరు భరించడం మేలన్న విషయాన్ని శ్రద్ధగా ఆలోచిస్తూ వచ్చాను.

మన ఇళ్లలో ఎక్కువమంది ఎంచుకునే దారి ఇంటివారే ఖర్చు భరించడం. గాజు గ్లాసు, పింగాణీ కప్పు, గోడ మీద స్కెచ్ పెన్ను గీతలు, సోఫా మీద ఒలికిన టీ వంటి వాటికి ఇదే సరైన దారి, ఇందులో రెండో మాట లేదు. పిల్లలున్న ఇంటికి పిల్లలున్నవారు వచ్చినప్పుడు ఇవి జరుగుతూనే ఉంటాయి, వాటికి లెక్క కడితే మర్యాద మిగలదు. వస్తువు ఖరీదైనప్పుడు మాత్రం "పోనీలెండి" అన్న మాట బరువైనది. దాన్ని నిజంగా వదిలేయగలిగినవారు, అంటే రేపటి నుంచి ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకుండా ఉండగలిగినవారు మాత్రమే ఆ మాట అనాలి. డబ్బు వద్దని చెప్పి, ఆ తరువాత నలుగురిలో ఆ పిల్లవాడి అల్లరి గురించి, వాడి తల్లి పెంపకం గురించి మాట్లాడడం కంటే, ఆ రోజే సగం డబ్బు తీసుకోవడం ఎన్నో రెట్లు మర్యాదైన పని. ఈ మాట మా ఇంటి అనుభవంతోనే చెబుతున్నాను.

రెండో దారి వచ్చినవారు పూర్తి ఖర్చు ఇవ్వడం. వినడానికి న్యాయంగానే ఉన్నా ఇందులో చిక్కంతా "పూర్తి" అన్న మాటలోనే ఉంది. మా టీవీ 32,000 రూపాయలకు కొన్నది, పగిలేనాటికి దానికి ఐదేళ్లు. మెకానిక్ వచ్చి, పగిలిన ప్యానెల్‌ను బాగుచేయడం కుదరదని, మార్చాలంటే 21,000 అవుతుందని, ఆ మాత్రం పెట్టేకంటే మరో మూడు వేలు వేసి కొత్తది కొనుక్కోవడమే నయమని చెప్పాడు. అటువంటప్పుడు మా తమ్ముడు ఇవ్వవలసింది ఎంత? కొత్త టీవీ ధర తీసుకుంటే మాకు పాతది పోయి కొత్తది వచ్చినట్టు, అది లాభం తీసుకోవడమే అవుతుంది. ఎనిమిదేళ్లు వాడుకుందామని కొన్న వస్తువును ఐదేళ్లు వాడేశాం కనుక, మిగిలిన మూడేళ్లకు లెక్క కడితే 12,000 రూపాయలు. నా దృష్టిలో అతిథి ఇవ్వదగిన మొత్తానికి అదే హద్దు. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా అది అన్యాయమే.

పగుళ్ల వంటివాటికి టీవీ వారంటీ సాధారణంగా వర్తించదు. ఇక ఇంటి బీమా ఉన్నవారు తక్కువ. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీ ముఖ్యంగా అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటి విపత్తులను దృష్టిలో పెట్టుకున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చిన తరువాత అటువంటి పాలసీ విలువ మన ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. కానీ చేయి జారి పగిలిన వస్తువు విషయంలో దాని మీద ఆశ పెట్టుకునే ముందు పాలసీ కాగితంలో ఏముందో చదువుకోవడం మంచిది.

చట్టం ఏమంటుందని అడిగేవారు కూడా ఉంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదు. ఇదే మాట అంతకుముందు భారతీయ శిక్షాస్మృతి 82వ సెక్షన్‌లో ఉండేది. పరిహారం సంగతికి వస్తే, తల్లి లేదా తండ్రి అయినంత మాత్రాన పిల్లలు చేసిన ప్రతి నష్టానికీ డబ్బు కట్టాలన్న సాధారణ నియమం మన దేశంలో లేదు. తల్లిదండ్రుల సొంత అజాగ్రత్త వల్ల నష్టం జరిగిందని చూపగలిగితే అది వేరే సంగతి. ఇంటికి పిలిచి అన్నం పెట్టిన అతిథుల మీద ఎవరూ కోర్టుకు వెళ్లరు, వెళ్లకూడదు కూడా. అయినా ఆ "అజాగ్రత్త" అన్న మాట మనకు ఇంట్లో కూడా పనికివస్తుంది. పిల్లవాడిని చూసుకోవలసిన బాధ్యత ఆ సమయంలో ఎవరిదో చూస్తే సగం తగవు అక్కడే తీరిపోతుంది. క్యూలో గంటల తరబడి నిలబెట్టలేమని పిల్లవాడిని మన దగ్గర వదిలి తల్లిదండ్రులు కొండ మీదికి వెళ్లారనుకోండి, వాడు ఏం పగలగొట్టినా అది మన లెక్కే. తల్లి పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటుండగా వాడు గంట నుంచి బ్యాటు తిప్పుతున్నాడంటే అది వారి లెక్క. మన పిల్లవాడు బంతి వేస్తుంటే వారి పిల్లవాడు కొట్టాడా, చెరి సగం. సగం సగం అన్న మూడో దారికి నాకు తెలిసి సరైన సందర్భం అదొక్కటే. మిగతా చోట్ల అది ఇద్దరినీ సగం సగం నొప్పించడానికే పనికివస్తుంది.

నాకు అన్నిటికంటే మేలుగా తోచిన దారిని నాకు చూపినవారు మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన. మా ఇంట్లో దసరాకు బొమ్మల కొలువు పెడతాం. అందులో మా అమ్మ కొన్న కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది. పోయిన ఏడాది ఆయన కుమార్తె, ఎనిమిదేళ్ల పాప, దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ జారవిడిచింది, తొండం విరిగింది. ఆయన జేబులోకి చేయి పెట్టలేదు. "మాస్టారూ, బొమ్మ నాకివ్వండి, ఆదివారం పాపను కూడా తీసుకుని కొండపల్లి వెళ్లి అతికించుకొస్తాను" అన్నారు. కొండపల్లి మనకు గంట ప్రయాణం కూడా కాదు. ఆ బొమ్మలు తెల్ల పొనికి కర్రతో చేస్తారు, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో భాగాలను అతుకుతారు. ఆదివారం సాయంత్రం పాప ఆ ఏనుగును వార్తాపత్రికలో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని మా ఇంటికి తెచ్చింది. బొమ్మలు చేసే ఆయన మక్కు ఎలా పూశారో, ఆరేదాకా ముట్టుకోవద్దని తనకు ఎన్నిసార్లు చెప్పారో ఆగకుండా చెప్పింది. కొత్తగా వేసిన రంగు వల్ల తొండం మిగతా ఒంటి కంటే కాస్త తెల్లగా కనిపిస్తుంది, అంతే తేడా. దాన్ని బాగుచేసినందుకు అయిన ఖర్చు 150 రూపాయలట. ఆయన ఆ రోజు వెయ్యి రూపాయలు నా చేతిలో పెట్టి ఉంటే నేను తీసుకునేవాడిని కాదు, అమ్మ కొన్న ఏనుగు తొండం లేకుండా అలమరలో ఉండిపోయేది.

వస్తువును బాగుచేయించే పనిని వచ్చినవారే నెత్తిన వేసుకోవడంలో ఉన్న గుణం ఇదే. ఇంటివారు చేయి చాచనక్కరలేదు, వచ్చినవారు ఊరికే క్షమాపణతో సరిపెట్టనక్కరలేదు. టీపాయి అద్దం పగిలితే కొలత తీసుకెళ్లి గాజు దుకాణంలో కోయించుకు రావచ్చు, అల్మరా తలుపు ఊడితే కార్పెంటరును పంపవచ్చు. టీవీ వంటి బాగుపడని వస్తువుకు మాత్రం డబ్బు లెక్క తప్పదు, అక్కడ పైన చెప్పిన పాత వస్తువు విలువే కొలమానం.

అద్దె ఇల్లయితే సంగతి మారుతుంది. పటమటలోనో సత్యనారాయణపురంలోనో అద్దెకుంటున్నవారి బాత్రూములో వాష్ బేసిన్ పగిలితే, ఖాళీ చేసేటప్పుడు ఇంటి యజమాని దాన్ని అడ్వాన్సులో కోసుకుంటారు. యజమాని వస్తువును "పోనీలెండి" అనే హక్కు అద్దెకున్నవారికి లేదు కనుక, ఆ మాటే వచ్చినవారికి నెమ్మదిగా చెప్పి ప్లంబరు ఖర్చుతో సహా వారిచేత పెట్టించడంలో తప్పేమీ లేదు.

ఆడపడుచు పిల్లల విషయంలో మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల దగ్గర పగిలిన వస్తువుకు డబ్బు తీసుకున్నారన్న మాట ఆవిడ అత్తవారింటిదాకా వెళితే ఆవిడకు జరిగే నష్టం ఏ టీవీ కంటే పెద్దది. అక్కడ ఇంటివారే భరించాలి, నిజంగా మరిచిపోవాలి. బావగారు తమంతట తాము మెకానిక్‌ను పిలిపిస్తే కాదనవద్దు.

ఏ దారి ఎంచుకున్నా మాట అదే రోజు, వారు బయలుదేరకముందే జరగాలి. పిల్లవాడి ముందు వద్దు, వాడు అప్పటికే భయపడి ఉంటాడు. పెద్దవాళ్లిద్దరూ పక్కకు వెళ్లి, "తమ్ముడూ, దాచుకోకుండా చెబుతున్నాను, ఇది మొత్తం నేను పెట్టుకోలేను, నువ్వు మెకానిక్‌తో మాట్లాడి ఎంతవుతుందో తేల్చు" అంటే సరిపోతుంది. ఆ మాట నేను మూడేళ్ల కిందట అనవలసింది. ఈ దసరాకు నెల ముందే ఫోన్ చేసి, గది తీసుకోవద్దని, మా ఇంటికే రమ్మని మా తమ్ముడికి చెప్పాను.