నాలుగేళ్లు బయోచార్ వాడాక: ఉత్త బొగ్గు మాత్రం పొలంలో చల్లకండి

బయోచార్ అంటే పంట కట్టెని బూడిద కానివ్వకుండా కాల్చి నేలలో వేసే బొగ్గు. ఎలా కాలుస్తారో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, అదంతా వదిలేస్తున్నా. నా బాధంతా మొదటి ఏడాది గురించే.

మాది ఫిరంగిపురం దగ్గర ఎకరంన్నర ఎర్ర నేల, ప్రత్తిపాడు వైపు రెండెకరాల నల్లరేగడి, రెండూ మెట్టే, పత్తి వేస్తాం. గుంటూరులో ఒకాయన దగ్గర బొగ్గు బస్తాలు కొన్నా. "దుక్కిలో చల్లేయండి, యూరియా సగానికి తగ్గించేయొచ్చు" అన్నాడు, నమ్మి ఎర్ర నేలలో 50 సెంట్లకి అలాగే చేశా. నలభై రోజులకి పక్కన పత్తి మోకాలెత్తు వస్తే ఇందులో జానెడు దాటలేదు, అడుగు ఆకులన్నీ పసుపు తిరిగాయి. మా నాన్న గట్టు మీద నిలబడి "బొగ్గేసి భూమిని చంపావ్ కదరా" అన్నారు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది. పైపాటుగా ఇంకో బస్తా యూరియా వేస్తే గానీ తేరుకోలేదు, అంటే ఖర్చు తగ్గకపోగా పెరిగింది. ఉత్త బొగ్గు వేస్తే మనం వేసిన నత్రజనిని మొక్క కంటే ముందు అదే పట్టేసుకుంటుందని తర్వాత తెలిసింది. అమ్మే మనిషి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

రెండో ఏడాది నుంచి కొనడం మానేసి మా పత్తి కట్టెనే గుంట తీసి కాలుస్తున్నా. పైన తెల్లగా బూడిద పట్టడం మొదలవగానే నీళ్లు కొట్టెయ్యాలి, కాస్త ఆలస్యమైతే మిగిలేది బూడిదే, 100 కిలోల ఎండు కట్టెకి 20 కిలోల బొగ్గొస్తే గొప్ప. దాన్ని దిబ్బ ఎరువులో కలిపి, పశువుల పంచితం, పేడనీళ్లు పోస్తూ గోనె పట్టాలు కప్పి రెండు నెలలు మగ్గనిస్తా. పిడికిట్లో పిండితే బొగ్గు వాసన పోయి తొలకరి మట్టి వాసన రావాలి, అప్పుడే సాళ్లలో పోస్తా.

మూడో ఏడాది ఆగస్టులో 22 రోజులు చినుకు లేదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూస్తే మామూలు సాళ్లు ఆకులు వేలాడేశాయి, బొగ్గేసిన సాళ్లు అలాగే నిలబడి ఉన్నాయి, గూడ, అంటే పూమొగ్గలు కూడా పెద్దగా రాలలేదు. వేలితో తవ్వితే నాలుగంగుళాల లోపల మట్టి చల్లగా తగిలింది, నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్న కూడా వంగి తవ్వి చూసి, "ఆ తూర్పు మూల కూడా వెయ్యి" అన్నారు.

ఎరువు ఖర్చు సంగతికొస్తే ఆ ఎర్ర నేలలో ఎకరానికి ఒక బస్తా యూరియా తగ్గించగలిగా, అంతే. బస్తా 266 రూపాయల 50 పైసలు, కాల్చే కూలికి కూడా రాదు. డీఏపీ తగ్గించే ధైర్యం ఇంకా చెయ్యలేదు. బెట్టకి తట్టుకుందన్నది కూడా ఎర్ర నేల మాటే, నల్లరేగడిలో రెండేళ్లు వేసినా నాకు తేడా కనపడలేదు. ఆ నేల తేమని తనే పట్టుకుంటుంది, పైగా పీహెచ్ 8 దాటింది, బొగ్గు కూడా క్షారమే కదా. ఆస్ట్రేలియా మెట్ట గోధుమ పొలాల వీడియోలు చూసి ఆశపడేవాళ్లు ఇది గమనించాలి, అక్కడ చాలా చోట్ల ఇసుక నేలలు, ఆమ్ల గుణం ఉన్నవి, మన రేగడితో వాటికి పోలికే లేదు.

మాకు గేదెలున్నాయి, కట్టె ఊరికే దొరుకుతుంది, కాల్చడానికి ఇంట్లో ఇద్దరం ఉన్నాం కాబట్టి నడుస్తోంది. బస్తాలు కొని వేసేవాళ్లకి గిట్టుతుందని చెప్పలేను, కౌలు పొలమైతే నేనే వెయ్యను. ఈ వేసవికి మాత్రం తూర్పు మూలకి గుంట తవ్వి పెట్టా.