మ్యుటాజెనిసిటీ టెస్టుకి డ్యూప్లెక్స్ సీక్వెన్సింగ్: చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, మందు వల్ల డీఎన్ఏలో మార్పులు (మ్యుటేషన్లు) వస్తాయా అని చూడ్డానికి ఈ డీఎన్ఏ చదివే పద్ధతి మంచిదే, డబ్బు పెట్టొచ్చు. కానీ అమ్మేవాళ్లు స్లైడులో చూపించే ఆ చిన్న ఎర్రర్ రేటు చూసి, చివర్లో వచ్చే పీ వాల్యూని (తేడా ఊరికే యాదృచ్ఛికంగా వచ్చిందా అని తేల్చడానికి వాడే అంకె) కూడా అంతే గట్టిగా నమ్మేస్తే మాత్రం దెబ్బ తింటారు. బేసు (డీఎన్ఏలో ఒక్కో అక్షరం) సరిగ్గా చదవడం వేరు, మందు వల్ల మ్యుటేషన్లు పెరిగాయని తేల్చడం వేరు.

మాది హైదరాబాద్‌లో మందుల మలినాలకి జెనెటిక్ టాక్సికాలజీ చేసే ల్యాబు. 2018లో బీపీ మందు వల్సార్టన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ రకం మలినం బయటపడ్డ దగ్గర్నుంచి ఈ ఊళ్లో బల్క్ డ్రగ్ వాళ్లకి నైట్రోసమీన్ మాట వింటేనే టెన్షన్. బ్యాక్టీరియా మీద చేసే ఏమ్స్ టెస్టులో పాజిటివ్ వస్తే, జంతువులో కూడా వస్తుందా అని చూడమంటారు. దానికున్న ఓఈసీడీ మార్గదర్శకం టీజీ 488 రాసిందేమో మ్యుటామౌస్, బిగ్ బ్లూ లాంటి ట్రాన్స్‌జెనిక్ (బయటి జీన్ చొప్పించిన) జంతువుల కోసం, వాటిని తెప్పించి చేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. డ్యూప్లెక్స్‌కి మామూలు ఎలుక చాలు, కాలేయమైనా ఎముక మజ్జైనా డీఎన్ఏ తీసి పని మొదలుపెట్టొచ్చు. మేం ఇటువైపు వచ్చింది అందుకే.

పద్ధతి 2012లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నుంచి వచ్చింది. డీఎన్ఏ ముక్కకున్న రెండు పోగులకీ ట్యాగులు తగిలించి, ఒక్కో పోగు నుంచి వచ్చిన కాపీలన్నిటినీ విడిగా పోల్చి, రెండు పోగుల్లోనూ అదే మార్పు కనిపిస్తేనే మ్యుటేషన్ అని ఒప్పుకుంటుంది. మామూలు ఇల్యుమినా రీడులో దాదాపు వెయ్యి బేసులకి ఒక తప్పు ఉంటుంది, మందు తగలని ఎలుకలో అసలు మ్యుటేషన్లేమో కోటి బేసులకి ఒకటి, అటూ ఇటూగా. ఈ వడపోత లేకుండా వాటిని పట్టుకోవడం జరిగే పని కాదు. ఈ విషయంలో నాకు ఫిర్యాదే లేదు.

ఇక లెక్కల దగ్గరికొద్దాం. చిట్టెలుక ప్యానెల్‌లో (చదవడానికి ఎంచుకున్న డీఎన్ఏ భాగాల సెట్) 20 చోట్ల నుంచి 2.4 కిలోబేసుల చొప్పున మొత్తం 48 కిలోబేసులు ఉంటాయి. డ్యూప్లెక్స్ డెప్త్ (ఒక్కో చోటుని సగటున ఎన్ని డీఎన్ఏ ముక్కల్లో చదివామన్నది) 10,000 వచ్చిందనుకోండి, చేతికి 48 కోట్ల బేసులు వస్తాయి. కోటికి ఒకటి చొప్పున ఒక కంట్రోల్ (మందు ఇవ్వని) ఎలుకలో దొరికే మ్యుటేషన్లు 48. అంతే! ఇంత ఖర్చుపెట్టి, సర్వర్ నిండా డేటా నింపి, చివరికి మనం గణాంకాలు చేసేది ఈ 48తో. పాయిసాన్ లెక్కన (అరుదైన ఘటనల లెక్కకి వాడే సూత్రం) దీని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు విలువ ఉండగలిగే పరిధి, 35 నుంచి 64 దాకా పోతుంది, మిషన్ ఒక్క బేసు కూడా తప్పు చదవకపోయినా సరే.

ఇక్కడే అందరూ డెప్త్ పెంచుదాం అంటారు, సీక్వెన్సింగ్ సర్వీసు వాళ్లైతే మరీ సంతోషంగా అంటారు. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఎలుకకీ ఎలుకకీ మధ్య తేడా 25 శాతం అనుకుందాం, 48 మ్యుటేషన్లకి లెక్కింపు తేడా ఇంకో 14 శాతం. రెండూ కలిపితే 29 (వర్గాలు కూడి వర్గమూలం తీయాలి, నేరుగా కూడకూడదు). డెప్త్ రెట్టింపు చేస్తే లెక్కింపు తేడా 10కి దిగుతుంది, మొత్తం మాత్రం 27 దగ్గరే ఆగుతుంది. గ్రూపుకి 5 ఎలుకలుంటే సగటు మీద ఎర్రర్ 12.8 నుంచి 12కి వస్తుంది, అదే పాత డెప్త్‌తోనే ఎలుకల్ని 7 చేస్తే 10.8కి వచ్చేస్తుంది. రెట్టింపు రీడుల బిల్లు కట్టి సాధించలేనిది రెండు ఎలుకలతో వచ్చింది. డెప్త్ మరీ 2,000, 3,000 దగ్గర ఉంటే వేరే సంగతి, అప్పుడు పెంచాల్సిందే.

దీనికంటే ప్రమాదం ఇంకొకటుంది. కొన్ని రెడీమేడ్ రిపోర్టుల్లో గ్రూపులోని బేసులన్నీ, మ్యుటేషన్లన్నీ ఒకచోట పోసి కంట్రోల్‌తో పోల్చేస్తారు. అప్పుడు శాంపిల్ సైజు 5 ఎలుకలు కాదు, 240 కోట్ల బేసులు! దాంతో ప్రతిదీ సిగ్నిఫికెంటే. మందు ఇచ్చింది ఎలుకకి గానీ బేసుకి కాదు కదా. ఎలుక యూనిట్‌గా ఉండాలి, ఎలుకల మధ్య తేడాని మోడల్ తనలో కలుపుకోవాలి. మేం అందుకే ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మిక్స్‌డ్ మోడల్ గానీ క్వాసీ బైనోమియల్ గానీ నడుపుతాం. హెల్త్ కెనడా వాళ్ల మ్యూట్‌సెక్‌ఆర్ ప్యాకేజీ ఇందుకు బాగా పనికొస్తుంది, ఉచితం కూడా.

క్లోన్ల గొడవ చూస్తేగానీ అర్థం కాదు. మా దగ్గర ఒక కంట్రోల్ ఎలుక మ్యుటేషన్ ఫ్రీక్వెన్సీ (ఎంఎఫ్) మిగతావాటికి దాదాపు రెట్టింపు వచ్చింది. వేరియంట్ టేబుల్ (దొరికిన మార్పుల పట్టిక) తెరిచి చూస్తే ఒకే చోట, ఒకే సీ నుంచి టీ మార్పు నలభైకి పైగా ముక్కల్లో ఉంది. ఎప్పుడో ఒక కణంలో వచ్చిన మార్పు, ఆ కణం పెరిగి పిల్లలు పెట్టింది, అంతే. అందుకే ఒక్కో మ్యుటేషన్‌ని ఒక్కసారే లెక్కేసే ఎంఎఫ్ మిన్‌తోనే మేం తీర్పు చెబుతాం, అన్నీ లెక్కేసే ఎంఎఫ్ మ్యాక్స్‌ని పక్కన చూపిస్తాం. రెండిటికీ పొంతన లేకపోతే టేబుల్ తెరవాల్సిందే.

లైబ్రరీ ప్రిపరేషన్‌లో కూడా ఓ బొక్క ఉంది. డీఎన్ఏని సోనికేషన్‌తో విరిచాక ముక్కల చివర్లు పూడ్చే దశలో, ఒక పోగు మీదున్న డ్యామేజీని ఎంజైమ్ రెండో పోగులోకి కాపీ చేసేస్తుంది. అప్పుడు రెండు పోగులూ ఒకే అబద్ధం చెబుతాయి, డ్యూప్లెక్స్ కూడా పట్టుకోలేదు. ముక్కలో ఏ స్థానంలో ఎన్ని మ్యుటేషన్లున్నాయో గ్రాఫ్ వేస్తే చివరి కొద్ది బేసుల దగ్గర గుట్టగా కనిపిస్తాయి, వాటిని ట్రిమ్ చేయాలి. నానోసెక్ అనే మరో డ్యూప్లెక్స్ రకం పద్ధతిలో రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోసి ఈ తలనొప్పిని చాలావరకు తప్పించారు. ఆక్సిడేషన్ వల్ల వచ్చే జీ నుంచి టీ మార్పులు కంట్రోల్‌లోనే ఎక్కువగా ఉంటే ఆ బ్యాచ్‌ని నేను నమ్మను. కంట్రోల్, డోసు గ్రూపుల్ని వేర్వేరు రోజుల్లో ప్రిపేర్ చేసిన స్టడీ ఇస్తే చదవను కూడా. ప్రతి బ్యాచ్‌తో పాటు ఈఎన్‌యూ (మ్యుటేషన్లు తెస్తుందని తెలిసిన రసాయనం) ఇచ్చిన ఎలుక డీఎన్ఏ ఒక గొట్టం నడుపుతాం, టీ (T) బేసు ఏ (A) బేసుగా మారే మార్పులు ఎప్పట్లాగే పెరిగి కనిపించాలి.

ఏ రకం మార్పు ఎంతుందో చూపించే స్పెక్ట్రమ్ బొమ్మలు చూడ్డానికి భలే ఉంటాయి. 96 రకాల ట్రైన్యూక్లియోటైడ్ (మారిన బేసు, దాని రెండు పక్కల బేసులు కలిపి) కడ్డీలు, రంగురంగులుగా. కానీ 48 మ్యుటేషన్లని 96 గడుల్లో పంచితే గడికి సగటున అర మ్యుటేషన్! ఒక్కో ఎలుకకి ఆ బొమ్మ వేసి సిగ్నేచర్ (ఫలానా కారణం వదిలే మార్పుల ముద్ర) మ్యాచ్ అయిందని రాసేవాళ్లున్నారు. కంట్రోల్స్‌కి 6 రకాల మార్పులతో సరిపెట్టుకోండి, 96 కావాలంటే గ్రూపంతా కలిపి వేయండి, అది కూడా బొమ్మగానే, టెస్టుగా కాదు.

బయట చేయించుకునేవాళ్లు సంతకం పెట్టేముందే ఎలుక వారీగా డ్యూప్లెక్స్ బేసుల సంఖ్య, వేరియంట్ టేబుల్, బ్యాచ్ తేదీలు, బ్యామ్ ఫైళ్లు (సీక్వెన్సింగ్ రీడుల అసలు డేటా) ఇస్తారా అని అడగండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తామంటే నేనైతే వేరేవాళ్లని చూసుకుంటాను.